సగం గీసిన గడ్డం

వెనకటికి ఒకానొక రాజ్యాన్ని ప్రచండవర్మ ఏలుతుండేవాడు. ఆయన వాదనలో ఎన్నడూ ఓడలేదు. ఓడించే ధైర్యం ఎవరికీ లేకపోవడమే అందుకు కారణం.

ఆ రాజ్యపు కొండల్లో బొగ్గులు కాల్చి బతికే నల్లని మనుషులుండేవారు. పల్లపువాళ్లు వాళ్లను 'మసిమూతులు' అనేవారు. కోటద్వారం దగ్గర భటులైతే పేరు కూడా అడక్కుండా "మసిమూతీ, రా!" అని పిలిచేవారు.

ఆ జనంలోంచి వచ్చి, మాటకారితనంతో కొలువులో చోటు సంపాదించినవాడు జోగన్న. ఒకనాడు అతని తల్లి గైరమ్మ కొడుకును చూడవచ్చింది. ద్వారం దగ్గర ఆ పిలుపు విని వెనుదిరిగింది. "నన్ను పేరు పెట్టి పిలిచిన రోజున వస్తాలే, నాయనా" అని కబురు పంపింది.

మర్నాడు పొద్దున్నే జోగన్న రాజు దగ్గరికి వెళ్లాడు. గడ్డం గీయించుకుంటూ విన్నపాలు వినడం ప్రచండవర్మకు అలవాటు.

"ప్రభూ, ద్వారం దగ్గర ఆ మాట మాన్పించండి."

రాజు నవ్వాడు. "మీ పండగలో చెవులారా విన్నానోయ్! 'ఏరా మసిమూతీ' అని మీలో మీరే అనుకుని పగలబడి నవ్వుతున్నారు. మీరంటే ముద్దు, మా భటుడంటే తప్పా? మీ నోళ్లలో నలిగి ఆ మాట ఎప్పుడో మొద్దుబారింది. పో!"

జోగన్న ముందుకు వచ్చాడు. గడ్డం గీస్తున్న నాగులు చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. సంధి కోసం వచ్చి పక్కనే కూర్చున్న పొరుగు రాజ్యపు రాయబారికి అందించాడు. నిరుటి యుద్ధంలో ఆ రాయబారి ఇల్లు తగలబెట్టించింది ప్రచండవర్మే.

"అయ్యా, మిగతా సగం తమరు కానివ్వండి."

రాయబారి మీసం దువ్వి లేచాడు.

రాజు ఒక్క గెంతున పీట వెనక్కి చేరాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండోదాని మీంచి నీళ్లు కారుతున్నాయి. "జోగన్నా! పిచ్చెక్కిందా నీకు?"

"అదేమిటి ప్రభూ, ఇందాకటి కత్తే కదా! నాగులు చేతిలో రోజూ అరిగి మొద్దుబారే ఉంటుంది."

"ఇప్పుడెవరి చేతిలో ఉందో చూడవా?"

"నేను మనవి చేసిందీ అదే."

రాజు అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు. "అంటే, మీ చేతిలో ఉంటే అది మిమ్మల్ని కోయదన్నమాటేగా?"

"తమ గడ్డం కింద ఆ గాటు ఎవరు పెట్టారు ప్రభూ?"

రాజు గడ్డం కింద తడిమి చూసుకున్నాడు. నాగులు తల వంచుకుని గొణిగాడు. "మొన్న చెయ్యి జారింది ప్రభూ."

"మాకూ జారుతుంటుంది" అన్నాడు జోగన్న. "బయటివాడు అనేలోపే మేం అనుకుని నవ్వుకుంటే నొప్పి తగ్గుతుందనుకుంటాం. కాస్త తగ్గుతుంది కూడా. పదును మాత్రం పోదు."

రాజు రాయబారి చేతిలోని కత్తి వంక చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "గెలిచావోయ్! ముందా కత్తి నాగులుకి ఇప్పించు!"

రాయబారి కూడా నవ్వాడు. కత్తి మాత్రం కాస్త ఆలస్యంగా ఇచ్చాడు.

ప్రచండవర్మ తన ముత్యాలహారం తీసి జోగన్న మెడలో వేశాడు. ఆ మాట అన్న భటుడికి కొలువు ఉండదని అప్పుడే చాటింపు వేయించాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ద్వారం దగ్గర గట్టి గొంతున్నవాణ్ణి పెట్టండి ప్రభూ."

కొద్దిరోజులకే కోటగోడలు అదిరేలా కేక వినిపించింది. "జోగన్నగారి తల్లి గైరమ్మగారు వేంచేస్తున్నారహో!"

గైరమ్మ గడప మీదే ఆగింది. భటుడి వంక తేరిపార చూసింది.

"ఇంకోసారి పిలు, నాయనా" అంది.