రాణిగారి గడ్డం కత్తి

గోదావరి కాలువల వెంట పడవలో ఊరూరా తిరిగి నాటకాలాడే ఒక సమాజంలో గవర్రాజు అనే నటుడుండేవాడు. రాణి వేషం కట్టడంలో అతన్ని మించినవాడు లేడు గాని, వాడిన వస్తువును తిరిగి సర్దిపెట్టుకోవడంలో అతనంత బద్ధకస్తుడు కూడా లేడు.

ఆ రోజుల్లో ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. గవర్రాజు చీర కట్టి, జడ వేసుకుని నాలుగడుగులు నడిచి వచ్చాడంటే ముందు వరుసలో కూర్చున్న ఆడవాళ్లు "ఎంత చక్కగా ఉందమ్మా పిల్ల" అనుకునేవారు. అతను గొంతెత్తి పద్యం అందుకుంటే జనం ఊపిరి బిగబట్టి వినేవారు. అంతటివాడికీ ఒక శత్రువుంది. అది అతని గడ్డమే. పొద్దున నున్నగా గీసుకుంటే దీపాలు పెట్టే వేళకు మళ్లీ నల్లగా తొంగి చూసేది. గడ్డం ఉన్న చెంప మీద రంగు నిలవదు కదా. అందుకని వేషం కట్టే ముందు రోజూ గీసుకోవలసిందే.

దానికోసం అతని దగ్గర ఒక మంచి మడత కత్తి ఉండేది. కొమ్ము పిడి, సన్నని అంచు. అతనికి ముందు పాతికేళ్లు రాణి వేషం కట్టిన గురువుగారు, వేషం మానేసిన రోజున ఆ కత్తిని గవర్రాజు చేతిలో పెట్టి, "ఇక రాణివి నువ్వే" అన్నారు.

గురువుగారి పద్యాలన్నీ శిష్యుడికి వచ్చాయి. శ్రద్ధ మాత్రం రాలేదు. గడ్డం గీసుకోవడం అయిందా, తడి కత్తిని తడిగానే మడిచేవాడు. నురగ కారుతున్న కుంచె, సబ్బుబిళ్ల, పటిక ముక్క అన్నీ కలిపి తువ్వాలులో చుట్టి, ఏ సంచి కనిపిస్తే ఆ సంచిలో కుక్కేసేవాడు. "కాస్త సరిగ్గా సర్దుకోవయ్యా" అని ఎవరైనా అంటే, "జనం నన్ను చూడ్డానికి వస్తారా, నా సంచిని చూడ్డానికి వస్తారా?" అనేవాడు. చెలికత్తె వేషం కట్టే కోటిలింగం పక్కనుంచి "అంతేగా మరి" అని వంత పాడేవాడు. రాణి వేషం మీద కోటిలింగానికి ఎప్పటినుంచో కన్నుందని గవర్రాజుకు తెలియదు పాపం.

ఒకసారి ఒక ఊళ్లో నాటకం అయిపోగానే పడవ బయలుదేరుతోందని కేకలు వేశారు. గవర్రాజు గబగబా కత్తి మడిచి చేతికందిన సంచిలో పడేశాడు. అది కిరీటాల సంచి. ఇత్తడి కిరీటాలు తోముకోవడానికి నానబెట్టిన చింతపండు, ఉప్పు కలిపిన ముద్ద కూడా అందులోనే ఉంది. ఇత్తడిని తళతళలాడించే ఆ పులుపు ఉక్కును ఏం చేస్తుందో మీకు చెప్పాలా? కత్తి మూడు రోజులు అందులో హాయిగా ఊరింది.

మూడో రోజు సాయంత్రం ఇంకో ఊళ్లో దిగి, కత్తి కోసం అన్ని సంచులూ గుమ్మరించాడు. చివరికి దొరికింది. విప్పబోతే విప్పుకోలేదు. బలవంతాన విప్పితే ఎర్రగా తుప్పు, అంచు మీద ఎలుక కొరికినట్టు గాట్లు. ఇంకొకరి కత్తి అడగడానికి నామోషీ వేసింది. "ఈ పూటకు ఇదే చాల్లే" అనుకుని అదే కత్తితో గీసుకున్నాడు. చెంప మీద రెండు చోట్ల, గడ్డం కింద ఒకచోట తెగింది. వాటి మీద రంగు పూస్తే కారం రాసినట్టు మండింది.

ఆ పూట రాణి ఉయ్యాల ఊగుతూ నవ్వాలి. గవర్రాజు ఊగుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఊపుకు చెంప మీద గాటు విచ్చుకుని రంగులోంచి నెత్తురు కారింది. వెనక వరుసలోంచి ఒక పెద్దమనిషి తాపీగా, "అమ్మా రాణీ, నిన్ను ఏ పిల్లి గీరింది తల్లీ?" అన్నాడు. అంతే, పందిరంతా గొల్లున నవ్వింది. తెర దించెయ్యక తప్పలేదు.

సమాజం యజమాని భీమశంకరంగారు గవర్రాజును పిలిచారు. ఆయన అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది గవర్రాజుకు.

"నవ్వాల్సిన రాణి ఏడ్చింది, చూడాల్సిన జనం నవ్వారు," అన్నారాయన. "నెల తిరిగేసరికి జమీందారుగారి ఊళ్లో అయిదు సమాజాలకు పోటీ ఉంది. ఆ రోజు నీ ముఖం మీద ఒక్క గాటు కనబడినా రాణి వేషం కోటిలింగానిది. మీ గురువుగారి కత్తి కూడా వాడికే ఇచ్చెయ్."

రాణి వేషం తప్ప గవర్రాజుకు ఇంకో విద్య రాదు. ఆ వేషం పోతే తను ఎవరికి కావాలి? గురువుగారికి ఏ ముఖం పెట్టుకుని కనిపించాలి? తలుచుకున్నకొద్దీ అతనికి దుఃఖం ముంచుకొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆ ఊళ్లో క్షౌరవృత్తిలో తలపండిన పోతయ్య ఇంటికి వెళ్లాడు. పోతయ్య అరుగు మీద కూర్చుని కత్తిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కత్తి మంచిదే బాబూ. ఈ తుప్పు దీని తప్పు కాదు," అన్నాడు.

గవర్రాజు తల వంచుకున్నాడు. "బాగవుతుందా తాతా?"

"కత్తి బాగవుతుంది. మీ సంగతే చూడాలి."

సానరాయి మీద నూరడానికి పోతయ్యకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు కత్తి అద్దంలా మెరిసింది. కాని పోతయ్య దాన్ని గవర్రాజు చేతికివ్వలేదు. తన పొది తెచ్చి ముందు పరిచాడు. కత్తులు, కుంచె, పటిక, గిన్నె, అద్దం, ఏది ఎక్కడుండాలో అక్కడే ఉన్నాయి. కళ్లు మూసుకుని ఏది కావాలంటే అది తీసి చూపించాడు.

"గీసుకోవడం అయ్యాక కత్తిని మంచినీళ్లలో కడగాలి. పొడిగుడ్డతో తుడవాలి. తుడిచానులే అని వెంటనే మడిచెయ్యకూడదు, మడతలో తడి దాక్కుంటుంది. ఒక తాంబూలం నమిలేసేంత సేపు విప్పి ఆరబెట్టాలి. తర్వాత ఒక్క చుక్క కొబ్బరినూనె పుయ్యాలి. పాత మెత్తటి గుడ్డలో చుట్టాలి. పదును సాగదీసే తోలుపట్టాలో చుట్టకండి, తోలు చెమ్మ పీలుస్తుంది. పటికను కత్తికి తగలకుండా వేరే గుడ్డలో చుట్టండి, లేకపోతే ఉక్కును తినేస్తుంది. కుంచె విదిలించి ఆరాకే సర్దాలి. అన్నీ చెక్కపెట్టెలో పెట్టి పైన మైనం పూసిన గుడ్డ చుట్టి కట్టాలి. ఇంతకీ పెట్టె ఎక్కడుండాలి?"

"సంచిలో."

"కాదు. పడవ ఎక్కితే మీ ఒంటిమీదే ఉండాలి."

గవర్రాజుకు కాస్త విసుగొచ్చింది. "ఒక్క కత్తికి ఇంత తతంగమా తాతా?"

పోతయ్య ముఖంలో నవ్వు పోయింది. "ఇది మనిషి మెడ మీద పెట్టే వస్తువు బాబూ. ఎవడో నమ్మి కళ్లు మూసుకుని మెడ చాపుతాడు. దీన్ని అశ్రద్ధగా పారేస్తే ఆ మనిషికి ద్రోహం చేసినట్టే," అన్నాడు.

ఆ మాట గవర్రాజు మనసులో నాటుకుపోయింది. పోతయ్య ఒక పాత చెక్కపెట్టె ఇచ్చి అతని చేత సర్దించాడు. పూర్తయ్యాక చూసి, "విప్పండి బాబూ. మళ్లీ సర్దండి," అన్నాడు. మళ్లీ సర్దాడు. "విప్పండి బాబూ." అలా ఆ పొద్దు పదకొండు సార్లయింది. ఆఖరున పోతయ్య విప్పమనకుండా తమలపాకు నోట్లో వేసుకున్నాడు. అదే మెచ్చుకోలు అని గవర్రాజుకు అర్థమైంది.

అప్పటినుంచి చూడాలి, సమాజంలో వాళ్ల ఎగతాళి. అందరి క్షవరం సామానూ ఒకే రేకు పెట్టెలో గలగలలాడుతూ ఉండేది. గవర్రాజుది మాత్రం ఎప్పుడూ నడుముకే. "అవతల పడవ కదులుతుంటే ఈయన కత్తికి తలంటు పోస్తున్నాడు చూడండ్రా," అనేవాడు కోటిలింగం. గవర్రాజు మాత్రం తాంబూలం నమలడం పూర్తయ్యేదాకా కత్తి ముందు నుంచి కదలలేదు.

పోటీ రోజు రానే వచ్చింది. పడవ కాలువలోని ఆఖరి లాకు తలుపులు దాటి బయటికి వస్తుంటే నీటి ఉరవడికి గట్టును కొట్టుకుని ఒక పక్కకు ఒరిగిపోయింది. మనుషులూ పెట్టెలూ నీళ్లలో పడ్డారు. గట్టు దగ్గరే కాబట్టి ఎవరికీ ప్రాణభయం లేకపోయింది. బట్టల బుట్టలు తేలితే పట్టుకున్నారు, కిరీటాలు దొరికాయి. మండే వేసవి కాబట్టి చీరలు గంటలో ఆరిపోయాయి. కాని రేకు పెట్టె సుడిలో అడుక్కి పోయింది. పడవవాళ్లు మూడుసార్లు మునిగి వెతికినా బురదే చేతికొచ్చింది.

మిట్టమధ్యాహ్నానికి ఊళ్లోకి చేరారు. ఒక్కొక్కరి ముఖం మీద మూడు రోజుల గడ్డం. ఊళ్లో క్షురకుల కోసం పరిగెత్తారు. ఇళ్లలో ఒక్కరూ లేరు. ఆ ఊళ్లో సన్నాయి, డోలు వాయించేవాళ్లు కూడా వాళ్లే. జమీందారుగారి మనవడికి ఆ రోజే పుట్టువెంట్రుకలు తీయించారు. వాళ్లంతా ఊరేగింపులో మేళం వాయిస్తూ ఉన్నారు. దీపాలు పెట్టేదాకా రారు. తక్కిన సమాజాలవాళ్లను కత్తి అడిగితే నవ్వి ముఖం తిప్పుకున్నారు. పోటీలో ఉన్నవాళ్లు ఇస్తారా మరి? గవర్రాజు కత్తి కూడా కాలువలో పోయిందనే అందరూ అనుకున్నారు.

భీమశంకరంగారు తల పట్టుకుని కూలబడ్డారు. "గడ్డాలతో రాణీ చెలికత్తెలూనా? పదండి, వెనక్కి పోదాం," అన్నారు.

అప్పటిదాకా ఒక పక్కన కిరీటాలూ బట్టలూ సర్దుతూ ఉన్న గవర్రాజు అందరి మధ్యకూ వచ్చి కూర్చుని నడుము దగ్గర ముడి విప్పాడు. పైగుడ్డ ఇంకా తడిగానే ఉంది. మైనపు గుడ్డ విప్పాడు. లోపల చెక్కపెట్టె పొడిగా ఉంది. పెట్టె తెరిచాడు. మెత్తటి గుడ్డలోంచి కత్తి తీసి విప్పితే దాని మీద ఎండ తళుక్కుమంది. మొన్నటిదాకా నవ్వినవాళ్లంతా ఆ కత్తి వంకే చూస్తూ నిలబడ్డారు.

"ఎంతమందికి గీయాలండీ?" అన్నాడు గవర్రాజు.

"నీతో కలిపి ఆరుగురికి. ముందు నువ్వు గీసుకోరా. రాణివి నువ్వు. ఆఖరుకి పదును తగ్గిందంటే మళ్లీ గాట్లు పడతాయి. నేనన్న మాట గుర్తుందిగా?" అన్నారు భీమశంకరంగారు.

"గుర్తుందండీ. కాని రాణి ఒక్కతే వస్తే నాటకం కాదు కదండీ. నాది ఆఖరున," అన్నాడు గవర్రాజు. తర్వాత దూరంగా నిలబడ్డ కోటిలింగాన్ని చూసి, "రా, నీతోనే మొదలు. మెడ చాపు," అన్నాడు.

కోటిలింగం బెదురుతూ వచ్చి కూర్చున్నాడు. "నా మీద నీకేమీ కోపం లేదుగా?" అన్నాడు.

"ఉంటే కత్తి పక్కన పెట్టాక చెబుతాలే. కదలకు."

నలుగురూ ఫక్కున నవ్వారు. కోటిలింగం కళ్లు మూసుకుని మెడ చాపాడు. నమ్మి మెడ చాపడమంటే ఏమిటో గవర్రాజు చేతికి అప్పుడు తెలిసింది. పోతయ్య మాట తలుచుకుని మెల్లగా గీశాడు. చెలికత్తె అయింది, రాజు అయ్యాడు, మంత్రి అయ్యాడు. ఒక్కొక్కరి తర్వాత కత్తి కడిగి, తుడిచి, తోలుపట్టా మీద సాగదీశాడు. అయిదుగురి ముఖాలూ నున్నగా తేలాయి. అప్పటికి పొద్దు వాలింది. ఇక తన వంతు. చేతి అద్దం ఎవరు పట్టుకుంటారా అని చూసేసరికి, కోటిలింగమే అద్దం అందుకుని వెలుతురు పడేలా ఎదురుగా కూర్చున్నాడు.

"నిదానంగా గీసుకో. రాణి వేషం నీకే బాగుంటుంది," అన్నాడు కోటిలింగం నెమ్మదిగా.

గవర్రాజు పట్టా మీద ఇరవైసార్లు కత్తి సాగదీసి చెంపకు ఆనించాడు. వెన్నలో పడ్డట్టు సాగింది. ఒక్క చుక్క నెత్తురు రాలేదు.

ఆ రాత్రి నాటకం అదిరిపోయిందంటే నమ్మండి. రాణి ఉయ్యాల ఊగుతూ నవ్వితే పందిరిలో పసిపిల్లలు కూడా నవ్వారు. రాణి దుఃఖపడితే జమీందారుగారు కండువాతో కళ్లు తుడుచుకున్నారు. పద్యం పద్యానికీ ఈలలూ చప్పట్లూ. నాటకం అయ్యేసరికి వెదురు తెర వెనక కూర్చున్న జమీందారిణిగారు దాసీతో కబురంపారు: "ఆ రాణి వేషం కట్టిన అమ్మాయిని లోపలికి పంపండి. పసుపూ కుంకుమా ఇచ్చి చీర పెడతాం."

గవర్రాజు చేతులు జోడించి తన సొంత బొంగురు గొంతుతో, "చిత్తమమ్మా, చీర మా ఆవిడకు ఇస్తాను," అన్నాడు. లోపల ఆడవాళ్లంతా విరగబడి నవ్వారు. మొదటి బహుమానం వాళ్ల సమాజానికే వచ్చింది. జమీందారుగారు గవర్రాజుకు స్వయంగా శాలువా కప్పారు.

బయటికి రాగానే సమాజంలో వాళ్లు అతన్ని భుజాల మీదికి ఎత్తబోయారు. గవర్రాజు చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఒక్క క్షణం ఆగండి. ఇందాకటి హడావుడిలో కత్తి పొడిగుడ్డ మీదే వదిలేసి వేషం కట్టాను," అన్నాడు. శాలువా తీసి పక్కన పెట్టి కూర్చుని, కత్తికి నూనె పూసి చుట్టి, పెట్టె సర్ది నడుముకు కట్టుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. కోటిలింగం దగ్గరగా కూర్చుని, ఏది ముందో ఏది తర్వాతో కళ్లప్పగించి చూశాడు.

భీమశంకరంగారు గవర్రాజు భుజం తట్టి, "మీ గురువుగారు ఇవాళ నిన్ను చూడాల్సింది," అన్నారు. ఆ తర్వాత అతన్ని భుజాల మీద ఎత్తుకుని, మేళం ముందు నడవగా, ఊరంతా తిప్పారు.

కాబట్టి పిల్లలూ, పని అయిపోయాక తన పనిముట్టును శ్రద్ధగా సర్దిపెట్టుకునేవాడు, ఎంత కష్టం వచ్చిపడినా తడుముకోడు. తను నిలబడతాడు, తనవాళ్లను కూడా నిలబెడతాడు.