గుహ నిండా అరటిబోదెలు

గెల కోసుకుని, మిగిలిన అరటిబోదెను ముక్కు మూసుకుని గట్టు మీద విసిరేసే నీకే చెబుతున్నాను. దాన్ని చెత్త అనడానికి నీకు నోరెలా వచ్చింది? ఆ చెత్తతోనే ఒక గొర్రెల మంద తన పిల్లల్ని కాపాడుకుంది. సరిగ్గా కూర్చుని విను.

కొండ కింద ఒక అరటితోట. గెల కోసిన చెట్టు మళ్లీ కాయదు కాబట్టి రైతు దాన్ని నరికి, బోదెను గట్టు మీద పడేసేవాడు. పక్కనే గొర్రెల మంద. చలి ముదరకముందే వాటి బొచ్చంతా కత్తిరించుకుపోయేవారు. బోడి ఒంటితో పిల్లలు వణికిపోయేవి. కొండ మీద నక్కకు వెచ్చని గుహ ఉంది.

"చలికాలం నా గుహలో పడుకోండి. అద్దెకింద ఏటా ఒక పిల్లనిస్తే చాలు" అనేది నక్క. మంద ఇస్తూ వచ్చింది.

ఆ ఏడాది వంతు సుంకి అనే ముసలి గొర్రె మనవడికి వచ్చింది.

"ఇవ్వను" అంది సుంకి.

"ఇవ్వకపోతే చలికి అందరం చస్తాం" అంది మంద.

"చావం. బట్ట కట్టుకుందాం."

సుంకి గిజిగాడి గూటి కిందికి వెళ్లింది. "తమ్ముడూ, అరటిబోదె నిండా నారే కదా. మేం తీసిస్తే అల్లిపెడతావా?"

"తీసివ్వక్కా. అల్లకపోతే అప్పుడడుగు" అన్నాడు గిజిగాడు.

రైతు దగ్గరున్న మైలెద్దు సాయానికొచ్చి, బోదెలు తొక్కి పొరలు విడదీసింది. గొర్రెలు వాటిని రాతి మీద గిట్టలతో గీకి, నార తీసి, కాలువలో జాడించి, నీడన ఆరేశాయి. గిజిగాడు ముక్కుతో అల్లాడు. మొదటి చొక్కా సుంకి మనవడు తొడుక్కున్నాడు.

"పెళ్లికొడుకులా ఉన్నావురా, పిల్లే తక్కువ" అంది ఎద్దు.

ఈ సంగతి విని నక్క దిగి వచ్చింది. "గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని ఊరికే అన్నారా? పిట్టను నమ్మి నన్ను కాదంటావా?"

"ఆ సామెత కట్టింది కసాయివాడే అయ్యుంటాడు దొరా" అంది సుంకి.

నక్క తోక విదిలించుకుని వెళ్లిపోయింది. రైతు ఎద్దును బండికి కట్టిన పూట చూసుకుని, బంధువులను వెంటేసుకొచ్చి బోదెలు ఈడ్చుకుపోసాగింది. "పారేసిందంతా నక్కలదే. తాతలనాటి హక్కు."

సుంకి అడ్డంగా నిలబడింది. "పచ్చి మీదే నార తీయాలి. నిలవ పెడితే కుళ్లిపోతుంది. కావాలంటే నీకూ నేర్పుతాను."

"నన్ను బెదిరించి వదిలించుకుందామని ఎత్తు" అని నక్క నవ్వింది. గుహ నోటిదాకా బోదెలు కుక్కింది. "చలి పడనీ. ఒక్క పిల్లతో కాదు, రెండు పిల్లలతో నా గుమ్మంలో నిలబడతారు."

మరునాడు రైతు తోట రెండోవైపు గెలలు కోశాడు. నక్క పరుగెత్తుకొచ్చింది గానీ, దాచడానికి గుహలో చోటు లేదు. గొర్రెలు కొత్త బోదెల మీదెక్కి కూర్చున్నాయి. ఎద్దు వచ్చి కొమ్ములు వంచి నిలబడింది. పని సాగింది. మంచు పడేనాటికి చొక్కా లేని పిల్ల లేదు.

గుహలో బోదెలు కుళ్లి నీరు కారాయి. పురుగులు పట్టాయి. బంధువులు "నీ హక్కు నువ్వే అనుభవించు" అని పోయారు. తడిసి కంపుకొడుతూ నక్క కిందికి వచ్చింది.

"సుంకమ్మా, ఒక చొక్కా ఇప్పించు తల్లీ."

"బోదె అదిగో, రాయి ఇదిగో. గీకు."

"గొర్రెల పక్కన కూర్చుని నేను గీకడమా?"

"మా పిల్లల్ని తినేటప్పుడు లేని సిగ్గు పని దగ్గర వచ్చిందా?"

నక్క మూతి తిప్పుకుని పొద కింద పడుకుంది. అబద్ధం మీద బతికేవాడికి ఎదుటివాడి నిజం కూడా ఎత్తులాగే వినిపిస్తుంది. ఒంటికి పట్టిన ఆ కుళ్లు కంపును పసిగట్టి ఊరకుక్కలు వచ్చాయి. నక్క ప్రాణాలైతే దక్కించుకుంది గానీ, ఒక కాలు వాటి నోట్లోనే వదిలేసి పోయింది.