శివారుకు చేరిన ఆవిరమ్మ

ఒకప్పుడు, ఆకాశం ఇంకా చల్లగా ఉన్న కాలంలో, కొన్ని గెలాక్సీలు ఒక కుటుంబంలా కలిసి ఉండేవి. గెలాక్సీ అంటే కోట్ల చుక్కలుండే ఊరన్నమాట. వాటిలో పెద్దది నడిమక్క. అందరికన్నా చిన్నది గవ్వాయి.

వాళ్ల మధ్యే ఆవిరమ్మ ఉండేది. ఆమె చల్లని వాయువు. తన ఒంట్లోంచి గుప్పెడు తీసి ముద్ద చేస్తే కొత్త చుక్క పుట్టేది. ఎవరింట్లో చుక్క ఆరిపోయినా ఇంకోటి చేసి ఇచ్చేది.

నడిమక్క కడుపులో నల్లసుడి, అంటే దగ్గరికొచ్చినదల్లా మింగే కృష్ణబిలం, ఉండేది. దానికి ఎప్పుడూ ఆకలే.

"ఆవిరమ్మా, దీనికి కాస్త పెట్టు. లేకపోతే నా చుక్కల్ని మింగేస్తుంది," అని నడిమక్క బతిమాలింది.

"పెడితే ఊరుకుంటుందా?"

"ఊరుకుంటుందమ్మా."

ఆవిరమ్మ పెట్టింది. నల్లసుడి ఊరుకోలేదు. ఇంకా ఇంకా లాక్కుంది. గొంతులో పట్టనిదంతా నిప్పుధారలా బయటికి కక్కింది. ఆ ధార తగిలి ఆవిరమ్మ ఒళ్లంతా కాలిపోయింది. ఆ కుటుంబం శివారు దాకా ఎగిరిపడి పలచగా చెదిరిపోయింది.

అక్కడ మళ్లీ ఒక చుక్క చేద్దామని చూసింది. వేడికి ముద్ద కట్టలేదు.

లోపల చుక్కలు ఆరిపోతున్నాయి. గవ్వాయికి భయమేసింది. తన దగ్గర కాస్త చల్లని వాయువు మిగిలి ఉంది. దాన్ని పొదువుకుని శివారుకు పరుగెత్తింది.

"రావద్దు తల్లీ. నేను మునుపటిలా లేను," అంది ఆవిరమ్మ.

"కాసేపు నీ ఒళ్లో కూర్చుంటా పెద్దమ్మా. అక్కడ చీకటిగా ఉంది."

ఆవిరమ్మ తప్పుకోలేకపోయింది. ఎటు చూసినా ఆమే. గవ్వాయి ఆమెలోంచి దూసుకుపోతుంటే, ఆ వేడి దాని దగ్గరున్న చల్లని వాయువునంతా ఊడ్చేసింది.

"పెద్దమ్మా, నేను తెచ్చుకున్నది ఏమైంది?"

"నాలో కలిసి కాలిపోయింది," అంది ఆవిరమ్మ.

గవ్వాయి చుక్కలు ఒక్కొక్కటే ముసలివై ఎర్రబడ్డాయి. కొత్తది పుట్టలేదు. గవ్వాయి ఏడవను కూడా లేదు.

"లోపలికి వచ్చెయ్ ఆవిరమ్మా," అని నడిమక్క పిలిచింది.

"వచ్చి ఏం చెయ్యను? ఎవరిని తాకినా ఇంతే. నా వెలుగు కూడా ఎవరి కంటా పడకపోతే మేలు," అంది ఆవిరమ్మ.

అప్పటినుంచే గెలాక్సీ కుటుంబాల శివార్లలో వేడి వాయువు పలచగా పరుచుకుని, చల్లారకుండా కాగుతూనే ఉంది. దాని వెలుగు మన కళ్లకు కనబడదు. ఎక్స్-రేలను పట్టే టెలిస్కోపుకే కనబడుతుంది. ఆ వేడిలోంచి వెళ్లిన చిన్న గెలాక్సీలు మాత్రం, ఉన్న చుక్కలు ఆరిపోయేదాకా ఎర్రగా వెలుగుతాయి. వాటిలో మళ్లీ చుక్క పుట్టదు.