పాతది, ముట్టరాదు

1971 మే 9, ఆదివారం, చొక్కా ఒంటికి అతుక్కునేంత ఉక్క. అది కొత్త చొక్కా, ఆ గోడు వదిలేద్దాం. పాత మోటారు రంపాలు పోగుచేసే జోగారాయుడుగారు, బాగుచేయించిన ఒకదాన్ని నా భుజాన పెట్టి, కోసి చూద్దామని తన స్థలంలోని పనసచెట్టు దగ్గరికి నడిచారు. ఆ కాయలు అమ్ముకునే వీరమ్మ బతుకుతోంది.

చెట్టుకి చీటీ వేలాడుతోంది: "పాతది, ముట్టరాదు." ఆయన షెడ్డులో ప్రతి రంపానికీ ఉండే చీటీ అదే.

"ఎవరే ఇది కట్టింది?" అని చెట్టు కింద ఉన్న వీరమ్మని అడిగారు.

"నేనే, బాబూ. మీ రంపాలన్నిటికంటే పాతది. మీ తాతగారు నాటారు."

"చెట్టుకీ రంపానికీ పోలికా!"

"కాదంటే కోసెయ్యండి. పాతవి ముట్టుకోవచ్చని బాబుగారే అన్నారని, షెడ్డుకి ఊరందర్నీ తోలుకొస్తాను."

ఆయన పళ్లు కొరుకుతూ వెనుదిరిగారు. రంపం మళ్లీ నా భుజానికే.

ఆయన పోయాక రంపాలు అల్లుడికి, చెట్టు వీరమ్మకి దక్కాయి. రానూ పోనూ మోసిన నాకు ఒక్క పనసతొన కూడా రాలేదు.