ఒక్క చేతి ఉప్పు

పూర్ణబోధులవారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏ సందేహం అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కారు. "ఉడకనీ" అని ఊరుకునేవారు. కొన్ని సందేహాలు అలా ఉడికీ ఉడికీ మాడిపోయేవి. అడిగినవాళ్లే వాటిని మరిచిపోయేవారు. శరభయ్య అడిగినదానికి మాత్రం మర్నాడే జవాబు దొరికింది.

నాగావళి ఒడ్డున ఉన్న వారి మఠంలో ఏటా మూడు రోజుల పాటు ఆరాధన జరిగేది. చుట్టుపక్కల ఊళ్ల జనమంతా వచ్చి పంక్తిలో కూర్చుని భోంచేసేవారు. వంటశాలకు పెద్ద శరభయ్య. అతనికి ముందు ఆ పెద్దరికం జగ్గప్పది. ఆయన పోయేముందు ఉప్పు జాడీ తెప్పించి శరభయ్య చేతిలో పెట్టాడు. ఆ మఠంలో పెద్దరికమంటే ఆ జాడీయే. నివేదన కాకముందు వంట రుచి చూడకూడదు, ఎంగిలి. నివేదన అయ్యాక అందులో ఏదీ కలపకూడదు, అపచారం. కాబట్టి ఉప్పు పడేదేదో ముందే సరిగ్గా పడాలి. తలా ఒక గుప్పెడు వేస్తే కొంప మునుగుతుందని, ఉప్పు ఒక్క చేత్తోనే పడాలని పూర్వం ఎవరో కట్టడి చేశారు. మిగతా వంటవాళ్లు ఆ జాడీ వైపు కన్నెత్తి కూడా చూసేవారు కారు.

ఆ ఏడు మొదటి రోజున శరభయ్య పప్పుచారు గుండిగలో ఉప్పు వేశాడు. అంతలో ఎవరో పెద్దమనుషులు వంటశాల చూడవచ్చి, "జగ్గప్ప లేని లోటే తెలియడం లేదయ్యా" అన్నారు. శరభయ్య ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వాళ్లను వీధిగుమ్మం దాకా సాగనంపి, తిరిగొచ్చి, అదే గుండిగలో మళ్లీ ఉప్పు వేశాడు. పొగడ్త తలకెక్కాక, చెయ్యి ఏం చేసిందో ఎవరికి గుర్తుంటుంది?

పంక్తిలో మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్లంతా మంచినీళ్ల కోసం కేకలు వేశారు. పక్క ఊరి తవిటయ్యకు నోరు ఊరుకోదు. "బువ్వ తిందామని వస్తే సముద్రస్నానం సేయించేసినారేటి బావూ!" అన్నాడు. పంక్తి పంక్తంతా ఘొల్లుమంది. వాళ్లు తిట్టి పోసినా శరభయ్య ఓర్చుకునేవాడు. ఆ నవ్వును మాత్రం ఓర్చుకోలేకపోయాడు.

సాయంత్రం ఉప్పు జాడీ తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు.

"స్వామీ, నా చేతులారా చెడగొట్టిన పని దగ్గర మళ్లీ ఏ ముఖం పెట్టుకుని నిలబడను?"

"ఉడకనీ" అన్నారు పూర్ణబోధులు.

"ఆరాధన ముగిసేదాకా ఏటి ఒడ్డున మౌనంగా, ఉపవాసంతో కూర్చుంటాను. ఆ తరవాత మఠం విడిచి వెళ్లిపోతాను. సెలవిప్పించండి."

"నీ ఇష్టం. జాడీ మాత్రం వంటశాలలో పెట్టి పో."

మర్నాడు తెల్లవారగానే శరభయ్య స్నానం చేసి, రెల్లు దుబ్బుల పక్కన ఇసుకలో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ఊళ్లన్నీ తన్నే తిట్టుకుంటూ ఉంటాయనుకున్నాడు. ఎండ ఎక్కింది. కడుపు నకనకలాడింది. అది తనకు తగిన శాస్తే అనుకున్నాడు.

పొద్దు నడినెత్తికి వస్తుండగా కిందివంటవాడు గవరయ్య రొప్పుతూ వచ్చాడు.

"శరభయ్యగోరూ, పప్పుసారు తెర్లిపోతంది. ఉప్పు పడాల. మీరొస్తారా, పోనీ మాలో ఎవుల్నైనా ఎయ్యమంటారా? ఒక్క మాట సెప్పండి."

శరభయ్య విన్నాడు. నోరు విప్పితే వ్రతం చెడుతుంది. కన్ను తెరిచినా చెడినట్టే. గవరయ్య ఇసుకలో కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు. నిన్న అంతగా చెదిరిన మనసు ఇవాళ ఇంత గట్టిగా నిలిచిందని శరభయ్యకు కొంచెం తృప్తి కూడా కలిగింది. పశ్చాత్తాపంలోనూ పొగడ్త ఉంటుంది; కాకపోతే అక్కడ పొగిడేదీ మనమే, ఉబ్బేదీ మనమే.

కాసేపటికి గురువుగారి కబురు వచ్చింది, పంక్తికి రమ్మని. వ్రతం కన్నా గురువాజ్ఞ పెద్దది కనుక శరభయ్య లేచి వెళ్లాడు. ఆయన తన పక్కనే విస్తరి వేయించి, "తిను" అన్నారు. శరభయ్య తలొంచుకుని పప్పుచారు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

చప్పిడి. ఉప్పన్న మాటే లేదు.

తలెత్తి చూస్తే వడ్డిస్తున్న గవరయ్య నేల చూపులు చూస్తున్నాడు. జరిగింది ఇదీ: వంటశాలలో నువ్వు వెయ్యంటే నువ్వు వెయ్యని ఒకరినొకరు తోసుకున్నారు. జాడీ మూత తీయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఇంతలో నివేదన గంట మోగింది.

పంక్తిలో ఎవరూ కేకలు వెయ్యలేదు. ఎదురు వరసలో దూరపు ఊరి నుంచి నడిచి వచ్చిన ఒక ముసలమ్మ, పక్కావిడతో, "నా నాలిక్కే రుసి సచ్చిపోనాదనుకున్నానే అమ్మా. నీకూ ఇంతేనేటి?" అంది. తవిటయ్య అందుకున్నాడు. "నిన్న సముద్రం, ఇయ్యాల సెరువు. రేపు ఏ నూతిలో దింపుతారో!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ముసలమ్మ గవరయ్యను ఆపి అడిగింది. "నిన్నటి వంటాయన ఏడి నాయనా? ఒంట్లో బాగోలేదేటి, పాపం?"

గవరయ్య పక్క విస్తరికి సాగిపోయాడు. నిన్నటి నవ్వు కన్నా ఆ 'పాపం' అన్న మాట శరభయ్యను ఎక్కువ బాధించింది. ఈ ముసలమ్మ ఇంత దూరం నడిచి వచ్చి చప్పిడి కూడు తింటోందని, తను నోరు విప్పి ఉంటే ఆమెకు ఈ గతి పట్టేది కాదని అతనికి ఏడుపొచ్చింది. పూర్ణబోధులు మాత్రం విస్తట్లో మెతుకు మిగల్చకుండా తిని లేచారు.

చేతులు కడుక్కునే చోట శరభయ్య మౌనం విడిచాడు.

"స్వామీ, రేపు ఇంతకు రెట్టింపు జనం వస్తారు. నిన్న అంత పాడుచేసినవాణ్ణి. ఆ జాడీ ముట్టుకునే అర్హత నాకింకా ఉందంటారా?"

పూర్ణబోధులు ఉత్తరీయంతో చేతులు తుడుచుకున్నారు.

"నిన్న నీ తప్పు తిన్నాం, నాయనా. ఇవాళ నీ పశ్చాత్తాపం తిన్నాం. రెండింట్లో నిన్నటిదే నయం. అందులో ఉప్పన్నా ఉంది."