బొంతపువ్వు నిలబడ్డ మూడు మధ్యాహ్నాలు

ఒకప్పుడు ఎండంటే పూలన్నిటికీ హడల్. సూరీడు నడినెత్తికి వస్తున్నాడంటే చాలు, మల్లె, మందారం, కనకాంబరం అన్నీ ముఖాలు ముడుచుకుని ఆకుల చాటుకి దూరిపోయేవి. వైశాఖ మాసంలో మధ్యాహ్నం పూట విచ్చుకున్న పువ్వు ఒక్కటంటే ఒక్కటి కనపడేది కాదు. నవ్వకండర్రా, నిజం చెబుతున్నాను!

ఇదిగో, మన గుమ్మం ముందు నడుమ ఎర్రగా, అంచున పసుప్పచ్చగా ఉందే, ఈ పువ్వు అప్పుడిలా లేదు. నర్సరీవాళ్లు దీన్ని గైలార్డియా అంటారు. నాకు నోరు తిరగదు, నేను బొంతపువ్వు అంటాను. ఎందుకంటానో చివర్లో మీకే తెలుస్తుంది. ఆ రోజుల్లో ఈ మొక్క నీడపట్టున తోటకూరలాగా ఏపుగా ఆకులు వేసేది, అంతే. పువ్వు ఊసే లేదు.

అది ఉండేది సముద్రం ఒడ్డున, పైడమ్మ పెరట్లో. పైడమ్మ అంటే బొంతలు కుట్టే మామ్మ. పాత చీరలు ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పరిచి, పెద్ద సూదితో టకటకా కుట్టేసేది. ఆ ఏడు ఎర్ర చీరలతో ఒక బొంత మొదలుపెట్టింది. నడుమంతా అయిపోయింది గానీ, అంచుకి ఏ రంగు వెయ్యాలో తోచక పక్కన పెట్టేసింది.

పైడమ్మకి మొక్కలంటే ప్రాణం. మామూలు ప్రాణమా! బావి పక్కన, మునగచెట్టు నీడలో మడి కట్టి, ఈ మొక్కకి పొద్దున ఒక కుండ, సాయంత్రం ఒక కుండ నీళ్లు పోసేది. వారానికో గంప పేడ ఎరువు వేసేది. "తాగు తల్లీ, తిను తల్లీ" అంటూ దాని చుట్టూ తిరిగేది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక తేనెటీగ తూలుకుంటూ వచ్చి ఆ మొక్క మీద పడింది. దాని పేరు జుంటి.

"ఎవరే నువ్వు? ఏమైంది?" అంది మొక్క కంగారుగా.

"పొద్దెక్కినప్పటినుంచీ తిరుగుతున్నానక్కా. ఎక్కడా విచ్చుకున్న పువ్వు ఒక్కటీ లేదు. పట్టులో నా పిల్లలు ఆకలితో ఏడుస్తున్నారు. ఇంకో నాలుగు రోజులు ఎలాగో బతికితే వాళ్లకి రెక్కలొస్తాయి. అప్పుడు అందరం ఏరు దాటి అడవికి పోతాం. అక్కడ పూలున్నాయట. కానీ ఈ నాలుగు రోజులు వాళ్ల నోట్లో ఏం పెట్టను?"

మొక్క తన ఆకుల్లోకి చూసుకుంది. ఆకుల మధ్య దానికొక మొగ్గ ఉంది. ఎన్నాళ్లనుంచో ఉంది. విచ్చుకుందామంటే ఒంట్లో వెచ్చదనం లేదు. ఎప్పుడు చూసినా నీడ, ఎప్పుడు చూసినా తడి!

"జుంటీ, రేపు మధ్యాహ్నం రా. నీ పిల్లల్ని చావనివ్వను" అంది.

అనడమైతే అంది. కానీ మొక్క కదా, నడిచి ఎండలోకి పోలేదు కదా!

సాయంత్రం పైడమ్మ కుండతో వచ్చింది. "మామ్మా, నన్ను కంచె అవతల ఇసకలో నాటు. నాకు ఎండ కావాలి" అంది మొక్క.

"ఎండా? ఇసకా? నీకేమైనా పిచ్చి పట్టిందా! ఆ ఇసకలో కాలు పెడితే నాకే బొబ్బలెక్కుతాయి. ఇదిగో, ముందు చల్లగా తాగు."

"వద్దు మామ్మా."

"నా దగ్గర మొహమాటమేంటే!" అని పైడమ్మ కుండ కుమ్మరించేసింది.

మొక్క మంచి మొండిది. ఒక్క చుక్క కూడా తాగనని వేళ్లు బిగపట్టుకుని కూర్చుంది. దాంతో ఆకులు వాలిపోయాయి. వాలిపోయిన ఆకుల్ని చూసి పైడమ్మ ఏమనుకుందో చెప్పండి? "అయ్యో, దాహంతో సొమ్మసిల్లిపోతోంది నా తల్లి!" అనుకుంది. పరుగెత్తుకెళ్లి ఇంకో కుండ తెచ్చి పోసింది. ఆకులు ఇంకా వాలాయి. ఇంకో కుండ పోసింది. అదుగో, నువ్వు ఇందాక చెంబు పట్టుకుని మన గుమ్మం ముందు మొక్కకి చేస్తున్నావే, సరిగ్గా అదే పని!

తెల్లారేసరికి మొక్క నేలకి ఒరిగిపోయింది. పైడమ్మ గుండె బాదుకుంటూ మట్టి తవ్వి చూసింది. వేళ్లు నల్లబడి మెత్తబడిపోయాయి. గుప్పుమని కుళ్లు వాసన కొట్టింది.

"ఇదేంటే, ఏ పురుగు పట్టింది నీకు?"

"పురుగు కాదు మామ్మా. నువ్వు పోసిన నీళ్లే" అంది మొక్క నీరసంగా.

పైడమ్మ అక్కడే చతికిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనా? కన్నబిడ్డలా చూసుకుంటే, నేనా నిన్ను చంపుతోంది?" అంది.

"నువ్వు మంచిదానివే మామ్మా. కానీ నేనడిగింది ఒక్కసారి కూడా వినలేదు."

పైడమ్మకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం కూడా వచ్చింది. "సరేనమ్మా! ఇసకే కావాలన్నావుగా. మాడి మసైపోయాక మాత్రం నన్నేమీ అనకు!" అని మొక్కని పెకలించి, కుళ్లిన వేళ్లు కత్తిరించి, కంచె అవతల ఇసకలో నాటేసింది. వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయింది.

ఇసక వేడి వేళ్లకి తగలగానే మొక్కకి ప్రాణం లేచొచ్చింది. నడిమధ్యాహ్నం వేళకి మొగ్గ విచ్చుకుంది. పసుపు ముద్దలాంటి పువ్వు. అంతా పసుపే.

సూరీడు కిందికి చూసి అదిరిపడ్డాడు. "ఎవరే అది? నేను నడినెత్తిన ఉండగా తల ఎత్తి చూసేదెవరు? దించు తల!"

"దించను. తల దించితే తేనె దాగిపోతుంది. జుంటి పిల్లలు పస్తుంటారు. మూడు మధ్యాహ్నాలు నిలబడతాను. ఆ తర్వాత నీ ఇష్టం" అంది పువ్వు.

"మూడా? ఒక్కటి నిలబడు చూద్దాం!" అని సూరీడు దాని కళ్లలోకి సూటిగా చూశాడు.

ఆ చూపుకి పువ్వు నడిబొడ్డున కుంకంబొట్టంత మేర ఎర్రగా కమిలిపోయింది. ప్రతి రేకూ కొస దగ్గర ముడుచుకుని ఒక మొన తేలింది. మంట, మంట! అయినా తల దించలేదు. జుంటి వచ్చింది, కడుపారా తేనె తాగింది, పిల్లలకి పట్టుకెళ్లింది.

రెండో రోజు సూరీడుకి పట్టుదల పెరిగింది. ఎరుపు రేకుల సగం దాకా పాకింది. ప్రతి రేకుకీ రెండో మొన తేలింది. "అక్కా, ఇంక చాలు, ముడుచుకో" అని జుంటే బతిమాలింది. "నువ్వు నోరు మూసుకుని తాగు" అంది పువ్వు.

మూడో రోజు పైడమ్మకి ఇంట్లో కాలు నిలవలేదు. కోపం ఎంతసేపుంటుంది? మాడిపోయుంటుందనుకుంటూ, ఆ ఎర్ర బొంత నెత్తిన వేసుకుని కంచె దాటి వచ్చింది. చూస్తే పువ్వు నిలబడే ఉంది. ఎరుపు అంచు వైపు పాకుతోంది. మూడో మొన తేలుతోంది.

"ఓరి నా తల్లీ!" అని పైడమ్మ గబుక్కున బొంత తీసి దాని మీద కప్పబోయింది.

"కప్పకు మామ్మా! తేనె ఆగిపోతుంది! ఈ ఒక్క పూటా నా మాట విను."

పైడమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి. కప్పాలని ప్రాణం కొట్టుకుంటోంది. అయినా కప్పలేదు. ఈసారి విన్నది. బొంతని మళ్లీ తన నెత్తినే వేసుకుని, పువ్వు మీద నీడ పడకుండా పక్కకి జరిగి, కాలే ఇసకలో మఠం వేసుకుని కూర్చుంది.

"ముసలిదానా, లేచి పో! వడదెబ్బ తగులుతుంది" అన్నాడు సూరీడు.

"నా పిల్ల నిలబడినంతసేపూ నేనూ కూర్చుంటాను. మాడుస్తావా, ఇద్దర్నీ మాడ్చు!"

సూరీడు పువ్వుని చూశాడు. ముసలమ్మని చూశాడు. ఇద్దరి ముఖాలూ ఎర్రగా కందిపోయాయి. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు. చివరికి ఆయనకే నవ్వొచ్చింది. "ఒకరిని మించిన మొండిఘటం ఇంకొకరు! పోండి, మీతో నేను వేగలేను" అని పడమటికి మొగ్గాడు.

ఎరుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. రేకుల చివర సన్నగా పసుపు అంచు మిగిలింది.

మర్నాడు పొద్దున జుంటీ, దాని పిల్లలూ రెక్కలు విప్పి, పువ్వు చుట్టూ మూడుసార్లు తిరిగి, ఏరు దాటి వెళ్లిపోయాయి. పైడమ్మ వాటిని చూసింది. పువ్వుని చూసింది. ఒళ్లోని ఎర్ర బొంతని చూసుకుంది. లోపలికెళ్లి పాత పసుపు చీర ఒకటి వెతికి తెచ్చి, పువ్వు పక్కనే కూర్చుని బొంతకి అంచు కుట్టడం మొదలుపెట్టింది.

అప్పటినుంచే బొంతపువ్వు నడుమ ఎర్రగా, అంచున పసుప్పచ్చగా, రేకుకి మూడు మొనలతో పూస్తోంది. అప్పటినుంచే దానికి ఎరువు వద్దు, నీడ వద్దు, ఎండా ఇసకా ఉంటే చాలు. మండే వైశాఖంలో మిట్టమధ్యాహ్నం వెళ్లి చూడండి, తల ఎత్తుకునే ఉంటుంది. దాని మీద ఒక తేనెటీగ వాలి ఉంటుంది.

ఇంక ఆ చెంబు కింద పెట్టు నాన్నా. నీళ్లు కావాలంటే అదే అడుగుతుంది.