చదివినవాడి నాలుక

రాజుగారు యుద్ధంలోంచి పారిపోయారని ఎవరు పలికినా నాలుక కోయాలని ఒక పాతకాలపు రాజ్యంలో ఆజ్ఞ పుట్టింది. దాన్ని సంతలో చదివి వినిపించమని సేనను నడిపే దళవాయి ఆ పత్రాన్ని దండోరా వేసే గురవడి చేతిలో పెట్టాడు.

పోయిన నెల పక్క ఊళ్లో ఇదే ఆజ్ఞ చదివిన దండోరా సోమన్నకు నాలుక పోయింది. రాజుగారు పారిపోయారని వాడి నోరు పలికిందిగా అని దళవాయి దగ్గరుండి కోయించాడు. పోనీ చదవకపోతే, ధిక్కారం కింద తలే పోతుంది. తలారి కత్తి పట్టుకుని పక్కనే ఉన్నాడు. గురవడు పత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"ఏరా, గొంతు పడిపోయిందా?" అని గద్దించాడు దళవాయి.

"లేదు దొరా. రాజుగారి మాట నా మోటు నోట్లో పడి వంకరపోతుందేమోనని భయం. తమరొక్కసారి చదివి వినిపిస్తే అలాగే చదువుతాను."

తన గొంతంటే దళవాయికి మహా మురిపెం. పత్రం లాక్కుని, సంతంతా మారుమోగేలా చదివాడు.

గురవడు తలారి వైపు తిరిగాడు. "విన్నావా అన్నా? ఎవరు పలికినా అని ఉంది."

తలారి దళవాయి నోటికేసి చూశాడు.

"మూర్ఖుడా! ఆ మాట నేనన్నానా? రాసి ఉన్నది చదివానంతే!" అని అరిచాడు దళవాయి.

"ఆ ముక్కే పత్రం కింద రాసి ముద్ర వెయ్యండి దొరా, ఇప్పుడే చదివేస్తాను."

తలారి చూపు తన నోటి మీదే ఉండేసరికి దళవాయికి రాయక తప్పలేదు. గురవడు మొత్తం చదివాడు. రాసి ఉన్నది చదివి వినిపించినవాడిది నేరం కాదన్న చివరి ముక్కను మరీ గట్టిగా చదివాడు.

అప్పుడు జనంలోంచి ఒకడు వచ్చి, దళవాయి ఎదురుగా నిలబడి నోరు తెరిచి చూపించాడు. అతను సోమన్న.